మూలమట్టము – గునియా: కొయ్యపనిలో లంబకోణ సాధన

విద్యార్థులకు ‘మూలమట్టము’ క్రొత్త మాట కాదు. పాఠశాలలో కంపాసు పెట్టె తెరచిన ప్రతివారును అందులో రెండు త్రికోణపు పలకలను చూచియే ఉందురు. వాటిని లెక్కల ఉపాధ్యాయులు మూలమట్టములనిరి. మనమును అట్లే అంటిమి. అయితే ఈ పనిముట్టునకు నిజమైన ఇల్లు వడ్రంగి కొట్టము. మూల అనగా రెండు అంచులు కలియు చోటు. మట్టము అనగా హెచ్చుతగ్గులు లేని స్థితి. రసమట్టము తలమును పరీక్షించినట్లు మూలమట్టము మూలను పరీక్షించును. కొయ్యపిడికి ఉక్కు పలకను అడ్డముగా బిగించి, ఆ రెండింటి నడుమ 90 డిగ్రీల కోణము నిలుచునట్లు దీనిని చేయుదురు.

ఈ పనిముట్టునే ఉర్దూ మాటలాడు పనివారు ‘గునియా’ అందురు. తెలుగు వడ్రంగులలోను ఈ మాట వాడువారు అనేకులు కలరు. ఇది పారశీకము నుండి వచ్చిన మాట. పారశీకమునకు అది గ్రీకు భాషలోని ‘గోనియా’ నుండి చేరినది. గోనియా అనగా కూడ మూలయే. కళాశాలలో మనము చదువు ట్రిగొనామెట్రీలోని నడిమి భాగము ఈ గోనియాయే. కనుక లెక్కల తరగతిలోని విద్యార్థియు, కొట్టములో రంపపు పొట్టు నడుమ కూర్చున్న పనివాడును తెలియకయే ఒకే మాటను పలుకుచున్నారు. రెండు భాషలు ప్రక్కప్రక్కన నడచు మన కళాశాలలో ఈ సంగతి గమనింపదగినది.

కొయ్యను ఖచ్చితమైన లంబకోణముతో కోయుట ఎట్లు అనునది ఈ వ్యాసమునకు విషయము. తెలుగు బోధించు మాకు ఈ విషయముతో పని ఏమి అని కొందరు అడుగవచ్చును. మేము చేసిన ఒక తప్పు మాకు ఈ పాఠమును నేర్పినది. ఆ తప్పుతోనే ప్రారంభింతుము.

మా తప్పు

కొన్ని సంవత్సరముల క్రిందట, పఠన మందిరమునకు ఒక పుస్తకముల బీరువా కావలసివచ్చెను. సెలవులలో కొందరు విద్యార్థులతో కలిసి మేమే దానిని చేయ పూనుకొంటిమి. టేకు చెక్క తెచ్చితిమి. పనిముట్లు కొన్ని అరువు తెచ్చితిమి, కొన్ని కొంటిమి. బీరువాకు గాజు తలుపులు. ఒక్కొక్క తలుపు చట్రము 1200 మిల్లీమీటర్ల ఎత్తు, 450 మిల్లీమీటర్ల వెడల్పు. ప్రతి కోతకు ముందు మూలమట్టము పెట్టి గీత గీచితిమి. గీత దాటకుండ కోసితిమి. కుసులను బెజ్జములలోనికి దింపి జిగురుతో బిగించితిమి. చూచుటకు అంతయు చక్కగా ఉండెను.

మరునాడు గాజు పలకలు వచ్చినవి. అవి చట్రములో కూర్చుండలేదు. ఒక మూల దిగినచో ఎదుటి మూల పైకి లేచుచుండెను. గాజు కోసినవాడు కొలత తప్పెనని మేము నిశ్చయించి, ఆ మాట అతని ముఖము మీదనే అంటిమి. అతడు ఏమియు అనక, పలకను రెండు కర్ణముల వెంట కొలిచి చూపెను. రెండును సమానముగానే ఉండెను. మా చట్రపు కర్ణములు కొలువగా ఒకటి రెండవదానికంటె 7 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉండెను.

అప్పుడు విద్యార్థులలో ఒకడు మెల్లగా, “సార్, గునియాను ఒకసారి తిప్పి చూద్దామా?” అని అడిగెను. అతడు ఒక పలక మీద మూలమట్టము పెట్టి చాకుమొనతో గీత గీచెను. తరువాత దానిని బోర్లించి, అదే బిందువు నుండి మరియొక గీత గీచెను. రెండు గీతలు ఒకటి కాలేదు. క్రింద కలిసి, పైకి పోవుకొలది విడిపోవుచుండెను. మా మూలమట్టమే తప్పు. ఎన్నడో ఎవరి చేతి నుండియో జారి నేల మీద పడియుండును.

“నీకు ఈ అనుమానము ఎప్పుడు కలిగినది?” అని అడిగితిమి. అతడు తలవంచుకొని, “మొదటి రోజే సార్. మీ చేతిలో ఉంది కదా అని ఊరుకున్నాను” అనెను. అతని తండ్రి వడ్రంగి. ఆ సంగతి మాకు అప్పటివరకు తెలియదు. రెండు సంవత్సరములుగా మా తరగతిలో కూర్చున్న బాలుడు మాకంటె బాగుగా ఎరిగిన విద్య ఒకటి కలదనియు, దానిని నోట పలుకుటకు అతనికి మా యొద్ద తావు దొరకలేదనియు అప్పుడు గ్రహించితిమి.

తరువాత అతని తండ్రి కొట్టమునకు అనేక పర్యాయములు వెళ్లితిమి. ఆయన మాకు ఉస్తాదు అయ్యెను. ఈ క్రింద వ్రాయు పద్ధతులు పుస్తకములలోను కలవు. కాని మాకు అవి అర్థమైనది ఆయన బల్ల ప్రక్కన నిలిచినప్పుడే.

పనిముట్టు పరీక్ష

మొదటి పాఠము మూలమట్టమును పరీక్షించుట. తిన్నని అంచు గల ఒక పలకను తీసికొనవలెను. అంచు తిన్నగా లేనిచో పరీక్షయే చెల్లదు. పిడిని ఆ అంచునకు ఆనించి, ఉక్కు పలక వెంట సన్నని గీత గీయవలెను. పిమ్మట మూలమట్టమును బోర్లించి, పిడి ఈసారి ఎదుటి దిక్కునకు ఉండునట్లు అదే అంచునకు ఆనించి, అదే బిందువు నుండి రెండవ గీత గీయవలెను. రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడినచో పనిముట్టు నిజమైనది. విడిపోయినచో ఆ ఎడము అసలు దోషమునకు రెట్టింపు.

రెట్టింపు ఎందులకు? మూలమట్టము 90 డిగ్రీలకు బదులు 90½ డిగ్రీలు చూపుచున్నదనుకొందము. మొదటి గీత లంబమునకు అర డిగ్రీ కుడికి వాలును. బోర్లించినప్పుడు రెండవది అర డిగ్రీ ఎడమకు వాలును. రెంటి నడుమ ఒక డిగ్రీ ఏర్పడును. 200 మిల్లీమీటర్ల దూరమున అర డిగ్రీ దోషము 1.75 మిల్లీమీటర్లు మాత్రమే. ఒంటరిగా చూచినచో కన్ను దానిని పట్టజాలదు. రెండు గీతల ఎడము 3.5 మిల్లీమీటర్లు. దానిని పసిబాలుడైనను చూడగలడు.

ఈ సూక్ష్మమే కొయ్యపనిలో లంబకోణ సాధనకు ప్రాణము. కన్ను చిన్న దోషమును చూడలేదు. కనుక దోషమును పెద్దదిగా చేసి కన్నుకు చూపవలెను. దిగువ చెప్పబోవు పరీక్షలన్నిటిలోను ఈ ఒక్క ఉపాయమే వేరువేరు రూపములలో కనుపించును. ఉస్తాదు వారమున కొకసారి తన గునియాను తిప్పి చూచును. మేము కారణమడుగగా, “కింద పడ్డ గునియా, పడ్డానని చెప్పదు సాబ్. మనమే అడగాలి” అనెను.

మొదటి ముఖము, మొదటి అంచు

చెక్క ఎట్టిదో చూడకయే కోతకు దిగరాదు. పచ్చి కొయ్యను ఎంత నిక్కముగా కోసినను ప్రయోజనము లేదు. ఆరునప్పుడు కొయ్య అన్ని దిక్కులకు ఒకే విధముగా కుంచింపదు. వార్షిక వలయముల వెంబడి కలుగు కుదింపు, వలయములకు అడ్డముగా కేంద్రము వైపు కలుగు కుదింపునకు సుమారు రెండింతలు. అందుచేత వలయములు మూల నుండి మూలకు పోవునట్లు కోసిన పచ్చి చదరపు కర్ర ఆరిన పిమ్మట వాలిన చదరమగును. నేడు 90 డిగ్రీలుగా ఉన్న మూల కొన్ని నెలలకు 90 కాకపోవును. బాగుగా ఆరిన చెక్కనే ఎన్నుకొనవలెను.

తరువాత చెక్కకు ఒక ముఖమును చిత్రిక పట్టి సమతలముగా చేయవలెను. చిత్రికను ఉర్దూలో రందా అందురు. తిన్నని బద్దను ఆ ముఖము మీద నిడివిగాను, అడ్డముగాను, మూల నుండి మూలకును నిలిపి, వెలుతురు వైపు పెట్టి చూచినచో పల్లములు తెలియును. చెక్క మెలి తిరిగియున్నదా అని తెలియుటకు రెండు సమానపు బద్దలను చెక్క రెండు కొనలయందు అడ్డముగా నిలిపి, ఒక కొన నుండి కన్ను పెట్టి చూడవలెను. రెండు బద్దల పై అంచులు సమాంతరముగా కనుపింపనిచో చెక్క మెలి తిరిగినది. బద్దలు చెక్క వెడల్పు కంటె పొడవైనవైనచో మెలి మరింత పెద్దదిగా కనుపించును. దోషమును పెంచి చూచుట ఇచ్చటను కలదు.

ముఖము సిద్ధమైన పిమ్మట ఒక అంచును దానికి లంబముగా చిత్రిక పట్టి, ముఖమునకు అంచునకు గుర్తులు వేయవలెను. ఇది మొదలు మూలమట్టపు పిడి ఈ ముఖమునకు గాని ఈ అంచునకు గాని ఆనవలెను, మూడవదానికి ఆనరాదు. నాలుగు ప్రక్కలను నాలుగు సార్లు నమ్మినచో నాలుగు దోషములు కూడును. ఒక్కదానిని నమ్మి తక్కినవాటినన్నిటిని దాని నుండి కొలిచినచో దోషము ఒక్కచోటనే ఉండును, పట్టుట సులభము.

గీత

పెన్సిలు గీతకు మందము కలదు. అర మిల్లీమీటరు మందము గల గీతలో ఏ అంచు నిజమైన గీత? అందుచేత నిక్కమైన కోతకు చాకుమొనతో గీయుదురు. చాకు కొయ్య నారను తెంచును గనుక, కోసిన పిమ్మట అంచు చీలికలు లేక శుభ్రముగా ఉండును. మొదట తేలికగా గీచి, తరువాత రెండు మూడు సార్లు బలముగా గీయవలెను. తొలి గీతయందే బలము పెట్టినచో చాకు కొయ్య నార వెంట ప్రక్కకు పోవును.

గీతను చెక్క నాలుగు ప్రక్కల చుట్టి రావలెను. ముఖము మీదను, దాని వెనుక ప్రక్కను గీయునప్పుడు పిడి గుర్తు గల అంచునకు ఆనవలెను. రెండు అంచుల మీద గీయునప్పుడు పిడి గుర్తు గల ముఖమునకు ఆనవలెను. నాలుగవ గీత మొదటి గీత బయలుదేరిన చోటునే చేరవలెను. చేరనిచో మూలమట్టము తప్పో, అంచు తప్పో, చేయి కదలినదో తేల్చుకొనవలెను. కారణము తెలియక రంపమును తాకరాదు. గీత దశలో దిద్దుబాటునకు కొన్ని క్షణములు చాలును. కోసిన పిమ్మట చెక్కయే మార్చవలసివచ్చును.

రంపపు కోత

రంపము తానే కొంత కొయ్యను తినివేయును. కనుక కోత గీత మీద కాదు, గీతకు ఆవల, పారవేయు భాగము వైపు పడవలెను. ఆ వైపున ఉలితో గీత వెంబడి ఏటవాలుగా సన్నని చెక్కు తీసినచో చిన్న కాలువ ఏర్పడును. రంపము ఆ కాలువలో కూర్చుండి ప్రక్కకు జారదు.

నిలుచుట కూడ పనిలో భాగమే. ముంజేయి, మోచేయి, రంపము ఒకే సరళరేఖలో ఉండవలెను. చూపుడువ్రేలు రంపపు పిడి ప్రక్కన ముందునకు చాచినచో రంపము మెలి తిరుగదు. పిడిని గట్టిగా పిడికిలి బిగించి పట్టరాదు. ఎదుటి మూలయందు కోత ప్రారంభించి, క్రమముగా పిడిని దించుచు పై గీత వెంబడి దగ్గరి మూలకు రావలెను. తరువాత దగ్గరి నిలువు గీత వెంబడి దిగవలెను. ఎప్పుడును కంటికి రెండు గీతలు కనుపించుచుండవలెను: పై గీత ఒకటి, దగ్గరి నిలువు గీత ఒకటి. పిమ్మట చెక్కను త్రిప్పి, ఆవలి ప్రక్క గీత వెంబడి కోయవలెను. ఇప్పటికే పడిన కోత రంపమునకు దారి చూపును. కనబడని వైపునకు రంపమును పంపి, అదృష్టము మీద ఆధారపడుట మా వంటి క్రొత్తవారు చేయు ముఖ్యమైన తప్పు.

ఎంత జాగ్రత్తపడినను రంపము ఎప్పుడును ఒకే వైపునకు పోవుచున్నదా? దోషము చేతిలోనిది కాకపోవచ్చును. రంపపు పండ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొంచెము వంచియుందురు. ఒక వైపు వంపు ఎక్కువైనచో రంపము ఆ వైపునకే లాగును. అప్పుడు చేతితో ఎదురు లాగుట వ్యర్థము, పండ్లను సరిచేయింపవలెను.

కొనను సరిచేయుట

రంపము విడిచిన కొన గరుకుగా ఉండును. పనివారు దానిని చిత్రికతో సరిచేయుదురు. ఒక పలక మీద మరియొక పలకను మెట్టువలె బిగించి, పై పలకకు ఒక కొనయందు లంబముగా అడ్డుకర్ర బిగింతురు. చెక్కను ఆ అడ్డుకర్రకు ఆనించి పట్టి, చిత్రికను ప్రక్కకు పడుకోబెట్టి మెట్టు వెంట నడిపినచో చెక్క కొన సన్నని పొరలుగా తెగి లంబమగును. ఆవలి అంచు చీలకుండ వెనుక ఒక పనికిరాని చెక్కముక్కను ఆనింపవలెను. అడ్డుకర్ర లంబముగా ఉన్నదో లేదో మొదట పరీక్షించిన మూలమట్టముతోనే చూచుకొనవలెను.

పిదప మూలమట్టమును కొనకు ఆనించి కిటికీ వెలుతురునకు ఎత్తి చూడవలెను. ఉక్కు పలకకు కొయ్యకు నడుమ వెలుతురు ఎచ్చట దూరునో అచ్చట పల్లము కలదు. కాగితము మందము లేని సందునైనను వెలుతురు చూపును.

యంత్రపు రంపము

నేడు అనేక కొట్టములలో విద్యుత్తుతో తిరుగు చక్రపు రంపములు వచ్చినవి. యంత్రము కోసిన కోత తప్పక లంబముగానే ఉండునని కొందరి భావన. యంత్రము చేయునది ఒక్కటే: తనకు అమర్చిన కోణమును అలసట లేక మరల మరల కోయును. అమరిక తప్పైనచో తప్పును కూడ అంతే విధేయతతో నూరుసార్లు కోయును.

దానికి రెండు పరీక్షలు కలవు. మొదటిది సులభము. రెండు అంచులు సమాంతరముగా ఉన్న బద్దను అడ్డముగా కోసి, ఒక ముక్కను బోర్లించి, రెండు ముక్కలను తిన్నని బద్దకు ఆనించి కోసిన కొనలను కలిపి చూడవలెను. సందు లేనిచో కోత లంబము. సందు ఉన్నచో అది దోషమునకు రెట్టింపు. ఇది మూలమట్టపు పరీక్షయే.

రెండవది ఐదు కోతల పరీక్ష. చదరమునకు దగ్గరగా ఉన్న పలకను తీసికొని, ఒక ప్రక్క కోసి, కోసిన ఆ ప్రక్కను యంత్రపు ఆనుకర్రకు త్రిప్పి ఆనించి, రెండవ ప్రక్క కోయవలెను. ఇట్లు నాలుగు ప్రక్కలు కోసి, ఐదవసారి మొదటి ప్రక్క నుండియే ఒక సన్నని బద్దను కోసి తీయవలెను. నాలుగు మలుపుల దోషము ఆ బద్దలో పోగుపడును. బద్ద పొడవు 400 మిల్లీమీటర్లనుకొందము. ఒక కొనయందు వెడల్పు 20.0, రెండవ కొనయందు 20.8 మిల్లీమీటర్లైనచో తేడా 0.8. దానిని 4 చేత భాగింపగా 0.2. అనగా 400 మిల్లీమీటర్ల పొడవునకు 0.2 మిల్లీమీటరు దోషమున్నదన్నమాట. అంత చిన్న దోషమును నాలుగింతలు చేసి కొలుచుటకు ఈ పద్ధతి వీలు కల్పించును.

చట్రపు పరీక్ష

విడివిడిగా కోతలు సరియైనను, జిగురు ఆరులోపల చట్రమును మరల పరీక్షింపవలెను. ఎదుటెదుటి భుజములు సమానములై, రెండు కర్ణములును సమానమైనచో చట్రము దీర్ఘచతురస్రము. భుజముల సమానత్వమును మొదట చూడవలెను. పైభుజము క్రింది భుజము సమానము కాని చట్రములలో కూడ కర్ణములు సమానము కావచ్చును. మా తలుపు చట్రములో భుజములు సరిగానే ఉండెను. అర డిగ్రీ దోషము చేత 1200 మిల్లీమీటర్ల ఎత్తునకు చట్రము సుమారు పదిన్నర మిల్లీమీటర్లు ప్రక్కకు వాలెను. కర్ణముల తేడా 7 మిల్లీమీటర్లు వచ్చుటకు కారణమదియే. జిగురు తడిగా ఉన్నప్పుడు కర్ణములు కొలిచియున్నచో తప్పు ఆనాడే బయటపడియుండును. ఆ ఒక్క నిమిషమును మేము వెచ్చింపలేదు.

మూలమట్టము చిన్నదై చట్రము పెద్దదైనప్పుడు 3–4–5 లెక్క ఉపకరించును. మూల నుండి ఒక భుజము మీద 300, రెండవ భుజము మీద 400 మిల్లీమీటర్లు గుర్తించి, ఆ గుర్తుల నడుమ దూరము కొలువవలెను. 500 వచ్చినచో మూల లంబము. 502 వచ్చినచో కోణము సుమారు అర డిగ్రీ ఎక్కువ. కర్ణమును గురించిన ఈ సూత్రమును బౌధాయన శుల్బసూత్రము చెప్పినది, శుల్బమనగా త్రాడు. యజ్ఞవేదికలను కొలుచుటకు త్రాడు పట్టినవారి శాస్త్రమది. గ్రీకుల యూక్లిడు తన గ్రంథపు మొదటి భాగములో 47వ సిద్ధాంతముగా దీనిని నిరూపించెను.

బాగ్దాదులో ఒక సభ

పదవ శతాబ్దమున బాగ్దాదులో అబుల్ వఫా బూజ్జానీ అను గణితవేత్త ఉండెను. 940లో ఖురాసానులోని బూజ్జానులో జన్మించినవాడు. పనివారికి అవసరమైన జ్యామితీయ నిర్మాణములను గురించి ఆయన అరబ్బీలో ఒక గ్రంథము వ్రాసెను. అందులో మొదట చెప్పినవి మూడు పనిముట్లు: కొలబద్ద, వృత్తలేఖిని, గునియా.

గణితవేత్తలును పనివారును కలిసి కూర్చున్న ఒక సభను గురించి ఆ గ్రంథము తెలుపుచున్నది. సమానమైన మూడు చదరములను కోసి ఒకే చదరముగా కూర్చుట ఎట్లు అనునది అచ్చటి ప్రశ్న. పనివారి పద్ధతులలో కొన్ని కంటికి సరిగా కనుపించినను లెక్కకు నిలువలేదు. గణితవేత్తలకు కావలసిన భుజము పొడవు తెలియును. కాని చెక్కను కోసి కూర్చు మార్గము వారు చూపలేకపోయిరి. అబుల్ వఫా రెంటిని కలిపెను. రెండు చదరములను కర్ణము వెంట కోసినచో నాలుగు త్రిభుజములు వచ్చును. మూడవ చదరపు నాలుగు ప్రక్కలకు ఒక్కొక్క త్రిభుజమును, దాని పొడవైన భుజము ఆ ప్రక్కకు ఆని, ఒక కొన చదరపు మూలను తాకునట్లు, ఒకే వరుసలో చుట్టును పేర్చవలెను. నాలుగు త్రిభుజముల లంబకోణ శీర్షములను రేఖలతో కలుపవలెను. రేఖలకు వెలుపల మిగిలిన ముక్కలు లోపలి ఖాళీలలో సరిగా ఇముడును. విద్యార్థులు అట్టముక్కలతో దీనిని చేసి చూతురు గాక.

కంటిని మాత్రమే నమ్మినవారును, లెక్కను మాత్రమే నమ్మినవారును ఆనాడు ఒకే గదిలో కూర్చుండుట చేతనే ఆ ప్రశ్నకు చేతితో కోయదగిన సమాధానము దొరకెను. మా బీరువా పనిలోను రెండు విద్యలు ఒకే గదిలో ఉండెను. కాని వాటిలో ఒకటి నోరు మెదపలేదు. ఆ తప్పు అతనిది కాదు. అతని ఇంటి విద్యను మేము ఎన్నడును అడుగకపోవుట మా తప్పు.

విజ్ఞప్తి

కళాశాల కమిటీ పెద్దలకు మా విజ్ఞప్తి చిన్నది. ఒక గదిలో ఒక బలమైన పనిబల్ల, రెండు రంపములు, ఒక చిత్రిక, రెండు మూడు ఉలులు, ఒక మంచి మూలమట్టము ఏర్పాటు చేయవలెను. సంవత్సరమునకు కొన్ని దినములు మన విద్యార్థుల తండ్రులలో పనివారైన వారిని గౌరవముగా పిలిచి, వారిచేత చెప్పించుకొనవలెను. లెక్కల విద్యార్థి కర్ణమును చేతితో కొలుచును. వడ్రంగి కుమారుడు తన తండ్రిని తరగతి గదిలో చూచును. రెండును అవసరమే.

విద్యార్థులకు ఒక మాట. గురువు చేతిలోని మూలమట్టము తప్పని తోచినప్పుడు ఊరుకొనవలదు. ఆ బాలుడు అడిగినట్లు వినయముగానే అడుగుడు. గౌరవము తగ్గదు, చట్రము చెడదు.

ఆ బీరువా నేటికిని పఠన మందిరములో ఉన్నది. తలుపులు విప్పి క్రొత్త చట్రములు చేసితిమి. కోతలన్నియు ఆ విద్యార్థియే కోసెను. గాజు కోసినవానిని క్షమాపణ కోరితిమి. ఆనాడు రెండు గీతలు పడిన పలకను మాత్రము పారవేయలేదు. అది మా బల్ల సొరుగులో ఉన్నది. ప్రతి సంవత్సరమును క్రొత్త విద్యార్థులకు మొదటి వ్యాసములు దిద్ది ఇచ్చు దినమున దానిని బయటికి తీసి చూపుదుము.